నిక్షేపం అంటే ఏందమ్మా?

ఆదోనిలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా, జిరాక్సు అంగడి పక్కన, ఒక ఇరుకు గదిలో కూర్చుని నేను దస్తావేజులు రాస్తాను. రాయడమంటే ఇప్పుడు కంప్యూటర్‌లో కొట్టడమే. అయినా జనం ఇంకా "రాసే అమ్మ యాడ?" అని అడుగుతూనే వస్తారు. వచ్చి, నన్ను చూసి, గదిలోకి తొంగిచూసి, "మగోళ్లెవరూ లేరా?" అంటారు. ఇరవై ఏళ్లు దాటింది నేను ఈ పని మొదలుపెట్టి. ఆ ప్రశ్న మాత్రం పాతబడలేదు.

గది నాది కాదు. ఒక ముసలి లేఖరిది. ఆయనకు డెబ్బై దాటాయి. చేతి వణుకు వచ్చాక రాయడం మానేసి, మూలన కుర్చీలో కూర్చుని నేను కొట్టిన కాగితాలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తుంటాడు. నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పోతాను. టైపు చేయడానికని చేరినప్పుడు ఆయన నాకు మొదటి వారమే ఒక మాట చెప్పాడు.

"పాపా, అడిగినోళ్లకల్లా అర్థాలు సెప్తా కూసోవద్దు. అర్థం సెప్తే దస్తావేజు ఆగిపోతాది."

అప్పుడది నాకు దొంగమాటలా వినిపించింది. అలా వినిపించడానికి కారణముంది. మా నాయన మగ్గం నేసేవాడు. తాత పోయాక ఇల్లు పంచుకున్నప్పుడు పెద్దనాయన ఒక కాగితం రాయించుకొచ్చాడు. అందులో "అన్యాక్రాంతం" కూడదని ఒక మాట ఉంది. మా నాయన దాన్ని ఏదో రోగం పేరనుకున్నాడు. ఇంట్లో ఎవరికీ ఆ రోగం లేదు కదా అని సంతకం పెట్టాడు. తనకు వచ్చిన రెండు గదుల్లో ఉండొచ్చు గానీ, ఇంకొకరికి అమ్మడానికీ ఇవ్వడానికీ వీల్లేదని దాని అర్థం. అది తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఆ తరువాత ఎవరు ఏ కాగితం తెచ్చినా, కరెంటు బిల్లయినా సరే, "అందులో ఆ మాట ఉందేమో చూడు" అని నా చేతికిచ్చేవాడు.

అందుకే నేను ఈ పనిలో చేరిన కొత్తలో మాటలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. దఖలు. తబ్దీలు. చెక్కుబందీ. ఖుద్దున. ఇవన్నీ ఆఫీసుల నుంచి వచ్చినవి. ఇంకొక రకం మాటలు పురాణం చెప్పేవాళ్ల నోట్లోంచి రాలిపడినట్టుంటాయి: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. భూమి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయేటప్పుడు ఈ ఎనిమిదీ దాంతోపాటే పోతాయని రాయడం మా లేఖరి అలవాటు. ఆయన గురువుది కూడా అదే అలవాటట. మూడు సెంట్ల ఇంటిస్థలమైనా ఈ ఎనిమిదీ రాయాల్సిందే.

పోయిన ఏడు శివరాత్రి దాటిన తరువాత, ఒక అన్నా చెల్లెలూ వచ్చారు. కౌతాళం దిక్కు పల్లె. ఆయనకు అరవై పైన ఉంటాయి. నల్లరేగడి మట్టి ఎండి అంటుకున్న చెప్పులు గుమ్మం బయటే విడిచి, నిలబడే మాట్లాడాడు. ఆమె ఆయనకంటే నాలుగైదేళ్లు చిన్నది. అవతల కన్నడ సీమలో ఇచ్చారట. పెళ్లయిన కొన్నేళ్లకే మొగుడు పోతే పుట్టింటికొచ్చి, అప్పటి నుంచీ అన్న ఇంట్లోనే ఉంది. పిల్లలు లేరు.

"నాయన పేరు మింద నాలుగెకరాలుండాది మ్మా," అన్నాడు ఆయన. "ఆయమ్మ భాగం నాకు ఇడిసిపెట్టినట్టు రాయాల. బోరు ఏపిద్దామని. కాగితాలు నా పేరుకు వస్తేనే కరెంటు ఇస్తారంట."

ఆమె గోడకానుకుని కూర్చుని, గదిని చూసింది. ముసలాయన్ని చూసింది. కంప్యూటర్ వెనక వైర్లు ఎక్కడికి పోతున్నాయో కూడా చూసింది.

వివరాలన్నీ ఆయనే చెప్పాడు. నేను కొట్టడం అయిపోయాక కాగితం తీసి వేలిముద్రకు చోటు చూపించబోతే, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సదువమ్మా. గట్టిగా సదువు. నాకు సదువు రాదు గానీ సెవులుండాయి."

"సదివినా నీకేం తెలుస్తాదమ్మా, అంతా పాతకాలం మాటలు," అన్నాడు మా లేఖరి.

"తెలీని మాట కాడ ఆపుతాలేప్పా."

చదివాను. ఆమె నిజంగానే ఆపింది. దఖలు అంటే ఏందని అడిగింది, అప్పజెప్పడమని చెప్పాను. చెక్కుబందీ అంటే నాలుగు దిక్కులా ఎవరి చేన్లున్నాయో రాసేదని చెప్పాను. తూర్పు, దక్షిణం విని తలూపింది. పడమరకు వంక, అంటే వాగు, అని చదవగానే ఆమె అన్న వైపు తిరిగింది.

"వంక గాదు గదన్నా. వంక కంటే ముందు బండ్ల దారి ఉండాది."

"ఆ దారి ఇప్పుడు యాడుండాది మే? అందరూ దున్నేసినారు."

"దున్నేసినా దారి దారే గదా."

నాకు అక్కడే మొదటి అనుమానం తగిలింది. దారి మాట దాచినవాడు ఇంకేం దాచాడో అనుకున్నాను. ఆయన నుదుటి మీద చెమట చూశాను. ఆ గదిలో ఫ్యాను పనిచేయదు, నా నుదుటి మీదా చెమటే ఉంది. కానీ ఆ పూట నాకు ఆయన చెమట ఒక్కటే కనబడింది.

ముందుకు చదివాను. "నిధి నిక్షేప జల పాషాణ..."

"ఆగు. నిక్షేపమంటే ఏందమ్మా?"

"అది రాసే పద్ధతిలేమ్మా," అన్నాడు లేఖరి తొందరగా.

"పద్ధతేందప్పా, మాటన్నాక అర్థముంటాది గదా. సెప్పు పాపా."

ఆయన మూల నుంచి నా వైపు చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. మా నాయన గుర్తొచ్చాడు.

"బూమిలో పాతిపెట్టింది అక్కా," అన్నాను. "ఎవురన్నా దాసిపెట్టిన సొమ్ము."

ఆమె ముఖం ఎలా మారిందో సరిగ్గా చెప్పలేను. తెల్లబోయింది అనడం చాలదు. నోరు కొంచెం తెరిచి అలాగే ఉండిపోయింది. తరువాత మెల్లగా అన్న వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకుని నన్ను చూశాడు.

"ఆ మాట తీసేయమ్మా. మాకొద్దు."

"ఎందుకు తీయాల?" అంది ఆమె. "తీయమనే వాడివి ఎందుకు రాయించినావు?"

"నేను రాయించలే మే. వాళ్లే రాసినారు."

"రాసినా తీసినా ఒకటే," అన్నాడు మా లేఖరి. ఎవరూ వినలేదు.

ఆమె లేచి బయటికి పోయింది. నేను వెనకే పోయాను. జిరాక్సు అంగడి నీడలో నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. మాయమ్మ కడియాలు, అని మాత్రం అంది. అడిగితే కొంచెం కొంచెంగా చెప్పింది. వాళ్లమ్మ బతికున్న కాలంలో ఏటా పత్తి అయిపోగానే ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయేవాళ్లు. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం. మా దిక్కున మాత్రం ఇల్లు తాళమేసి, మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు వలస పోవడాన్ని సుగ్గి అంటారు. తాళమేసిన ఇంట్లో వెండి ఉంచడం భయమని వాళ్లమ్మ ముంతలో పెట్టి చేనిగట్టున, తుమ్మచెట్టు కింద పాతిపెట్టేదట. ఒక ఏడు సుగ్గి నుంచి వచ్చాక జబ్బుపడి, తీయకుండానే చనిపోయింది.

"ఆ తర్వాత?" అన్నాను.

"ఆ తర్వాత ఏముండాది," అంది ఆమె. అంతే అంది.

మిగతాది నేనే అల్లుకున్నాను. అన్నకు చోటు తెలుసు. భూమి మొత్తం తనదైతే పాతిపెట్టిందీ తనదే. బోరు ఒక సాకు. మాట తీసేయమన్నాడంటే, ఆ మాట ఆయన గుండెలో తగలాల్సిన చోట తగిలింది. ఇంత తేలిగ్గా అర్థమవుతుంటే ఇంకేం కావాలి?

"అక్కా, తొందరపడొద్దు," అన్నాను ఆమె చెయ్యి పట్టుకుని. "ఏలు పెడ్తే మళ్లా తీసుకునేకి రాదు. ఆలోసన జేసుకో."

ఆమె వేలిముద్ర వేయలేదు. కౌతాళం బస్సుకు ఆమె ముందు పోయింది. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "ఏం సెప్పినావమ్మా ఆయమ్మకు?" అని అడిగాడు. కోపంగా కాదు, అలిసిపోయి అడిగాడు. నేను అది కూడా నటనే అనుకున్నాను.

ఆయన పోయాక మా లేఖరి కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నీ అనుమానం తీసుకపోయి వాళ్లకు అంటించినావు," అన్నాడు. ఒక ఆడమనిషిని కాపాడానన్న గర్వంలో ఉన్నాను. ఇంటికి పోయి, కండెలు చుట్టుకుంటున్న మా అమ్మకు అంతా చెప్పాను. ఆమె రాట్నం ఆపకుండానే వింది.

"నువ్వు జూసింది ఆయప్పను గాదు, మీ పెదనాయన్ను," అంది.

ఆ మాటకు మా అమ్మ మీద కోపమొచ్చి, ఆ పూట అన్నం దగ్గర ఆమెతో మాట్లాడలేదు.

మూడు వారాలకో, నెలకో, ఆ ఊరి రైతు ఒకడు వేరే పని మీద వచ్చాడు. నేనే ఆపుకోలేక వాళ్ల సంగతి అడిగాను. "వాళ్లకు మాటల్లేవు," అన్నాడు. "ఆయమ్మ ఏరే పొయ్యి పెట్టుకునింది. అదే ఇల్లు, అదే వాకిలి, రెండు పొయ్యిలు. ఆదోనిలో ఎవురో ఏందో సెప్పినారంట."

ఎవరో ఏదో చెప్పారు. ఆ ఎవరో నేనేనని అతనికి తెలియదు. ఆ రోజు నేను కొట్టిన దస్తావేజులో సర్వే నంబరు రెండుసార్లు తప్పు పడింది.

ఎండలు ముదిరాక, ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే వచ్చింది. మా లేఖరి భోజనానికి ఇంటికి పోయిన వేళ. చేతిలో సంచి లేదు, తోడు లేదు. వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, నేరుగా నా కళ్లలోకి చూసి అడిగింది.

"నిజం సెప్పు పాపా. ఆ మాట మాయన్న సెప్పి రాయించినాడా, నువ్వే రాసినావా?"

"ఏ మాట?" అన్నాను గానీ తెలుసు.

"నిక్షేపం."

"నేనే రాసినా. అందరికీ రాస్తాం."

"అందరికీ యాడ రాస్తారు? అందరి సేన్లలో ముంతలుంటాయా?"

ఆమె నన్ను అనుమానిస్తోందని నాకు అప్పుడు తెలిసింది. నేను వాళ్లన్నతో కలిసిపోయాననుకుంటోంది. చెబితే నమ్మేలా లేదు. వెనక అరలో ఉన్న పాత నకళ్లు తీసి ఆమె ముందు పెట్టాను. ఒక్కోటి తీసి, ఆ మాట ఉన్న చోట ఆమె వేలు పట్టుకుని పెట్టించాను. ఇది చిప్పగిరిలో పొలం. ఇది ఆదోనిలోనే పాత ఇల్లు. ఇది మార్కెట్ వెనక కొత్తగా కట్టిన మిద్దెలో రెండో అంతస్తు.

"రెండో అంతస్తుకా?" అంది. "మిద్దె మింద మిద్దెలో ఏం పాతిపెడ్తారు?"

"ఏం పాతిపెట్టరు. అయినా రాస్తాం."

చదువు రాకపోయినా ఆ అక్షరాల ఆకారం ఆమెకు పట్టుబడింది. నాలుగో కాగితంలో నేను చూపించకుండానే వెతికి వేలు పెట్టింది. నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయి, రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుంది.

"అయితే మాయన్నకు తెల్దా?"

"ఏం తెల్దు అక్కా?"

అప్పుడు చెప్పింది. వాళ్లమ్మ పోయిన మరుసటి ఏడు అన్న, వదిన, పిల్లలు సుగ్గికి పోయారు. ఈమెకు జ్వరమని ఊళ్లోనే వదిలేసి పోయారు. జ్వరం తగ్గాక ఒక పొద్దున పార తీసుకుని, కంప కొట్టుకొస్తానని చేనికి పోయి, తుమ్మచెట్టు కింద తవ్వింది. రెండు వెండి కడియాలు. తెచ్చి తన రేకు పెట్టె అడుగున, పాత చీర మడతలో దాచింది. అప్పటి నుంచి తొడుక్కోలేదు, అమ్మలేదు, ఎవరికీ చూపించలేదు.

"ఎందుకు తీసినావు?"

"ఎందుకేంది? మొగుడు లేదు, బిడ్డల్లేరు. అన్న ఇంట్లో తింటాండా. రేపు ఎల్లగొడ్తే యాడికి పోవాల? సేతిలో ఏమన్నా ఉండాల గదా అని."

"ఎల్లగొట్టినాడా?"

"లేదు."

"ఎప్పుడన్నా పొమ్మన్నాడా?"

"ఒకసారి గూడా అనలే. అదే నాకు ఇంకా బయం. ఈ పొద్దు అనలేదంటే రేపు అంటాడేమో అని." ముందున్న కాగితాలు పక్కకు జరిపి, "ఆ పొద్దు నువ్వు ఆ మాట సదవతానే నా పని అయిపోయిందనుకున్నా. తెలిసిపోయింది, అందరి ముందర సదివించి నన్ను పట్టియ్యాలని సూస్తాండాడు అనుకున్నా," అంది.

ఆ రోజు ఆమె ముఖంలో నేను చూసింది అన్న మీద అనుమానం కాదు. దొరికిపోయానన్న భయం. నేను దాన్ని తలకిందులుగా చదివాను. రోజంతా మాటల అర్థాలతో బతికేదాన్ని, ఒక మనిషి ముఖాన్ని చదవలేకపోయాను. పైగా ఆ చదువుతోనే సలహా ఇచ్చాను. వాళ్లింట్లో రెండో పొయ్యికి నేనే నిప్పు పెట్టాను.

ఆమెకు అది చెప్పి తప్పయిందన్నాను. ఆమె పట్టించుకోలేదు. ఆమెకు కావాల్సింది వేరే.

"ఇప్పుడు ఏలు పెడ్తే నాకేమీ మిగలదు గదా?" అంది. "సేను ఆయప్పది. ఇల్లు ఎట్లాగూ ఆయప్ప పేరు మిందే ఉండాది. ఇంక నేనేంది?"

మొదటి రోజు నేను అడగాల్సింది ఇదే. పాతిపెట్టిన వెండి గురించి అంత ఆలోచించినదాన్ని, ఈమె రేపు ఎక్కడ పడుకుంటుందో అడగలేదు. భూమిలో భాగం వదులుకుంటున్నందుకు బదులుగా, ప్రాణం ఉన్నంతవరకూ ఆ ఇంట్లో ఉండే హక్కు రాయించుకోవచ్చని చెప్పాను. "యావజ్జీవం నివసించే హక్కు అని ఒక వాక్యం ఏస్తాం," అన్నాను.

ఆమె చటుక్కున లేచి నిలబడింది.

"యావజ్జీవమా? అది జైల్లో ఏసేది గదా!"

"కాదక్కా, ఇది..."

"కోర్టులో ఏస్తారే, మనిషిని సంపినోళ్లకు. మా ఊర్లో ఒకనికి ఏసినారు. నాకు తెల్దనుకున్నావా?"

మాట అదే, అర్థం ఇక్కడ వేరే అని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఆ మాట కింద తాను వేలు పెట్టనంది. ఆలోచిస్తే ఆమెదే సబబనిపించింది. చివరికి ఆ మాట కొట్టేసి "బతికినంత కాలం" అని రాశాను. చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. "బతికినంత కాలం ఆ ఇంట్లోనే ఉండవచ్చును, ఎవరూ అడ్డు చెప్పరాదు."

"ఇది అర్థమైతాది," అంది. "కానీ మాయన్న ఒప్పుకోల గదా."

ఒప్పుకుంటాడో లేదో నాకు తెలియదు. ఈసారి ఊహించే ధైర్యం లేదు. ఆయన్ను పిలుచుకుని రమ్మన్నాను. కడియాల సంగతి చెబుతావా అని అడిగితే, "సుమ్నె ఉండు పాపా," అంది. సుమ్నె అంటే ఊరకుండమని. వాళ్ల దిక్కు కన్నడం అది.

పది రోజుల తరువాత ఇద్దరూ వచ్చారు. ఒకే బస్సులో వచ్చారు గానీ, ఆమె ముందు నడుస్తుంటే ఆయన పదడుగుల వెనక నడిచాడు. మా లేఖరి ఆ వాక్యం చూసి ముఖం చిట్లించాడు. "బతికినంత కాలం అని దస్తావేజులో ఎవురన్నా రాస్తారా? ఆఫీసులో నవ్వుతారు," అన్నాడు. నవ్వనీ అన్నాను. పడమర చెక్కుబందీలో బండ్ల దారి చేర్చాను. ఆయన దానికి తలూపాడు. నిక్షేపం మాట కూడా చదివాను. ఇద్దరూ కదల్లేదు. చివర్న కొత్త వాక్యం చదివాను.

"ఇదెవురు రాయమన్నారు?" అన్నాడు ఆయన నా వైపు చూస్తూ. నేనే మళ్లీ ఏదో చేశాననుకున్నాడు. అనుకునే హక్కు ఆయనకుంది.

"నేనే," అంది ఆమె.

"నేను నిన్ను ఎప్పుడన్నా ఎల్లగొట్టినానా మే?"

"ఎల్లగొట్టలే. ఎల్లగొడ్తావేమోనని ఇన్నేండ్లు బయపన్నా."

మా లేఖరి కళ్లద్దాలు తుడుచుకోవడం ఆపాడు. అన్న చేత్తో మెడ వెనక రుద్దుకుని, "ఉండనీమ్మా, ఆ మాట ఉండనీ," అన్నాడు నాతో.

ఆఫీసులో ఆ రోజు సర్వర్ పదే పదే ఆగిపోయింది. ఆమెను లోపల ఫోటో కోసం కూర్చోబెట్టారు. ఆయన బయట మెట్ల మీద కూర్చున్నాడు. నేను పోయి పక్కన కూర్చుని, అడగకూడదనుకుంటూనే అడిగాను.

"అన్నా, ఆ పొద్దు ఆ మాట తీసేయమన్నావు. ఎందుకు?"

ఆయన ఆఫీసు గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"ఆ మాట ఇనంగానే ఆయమ్మ మొగం జూసినా," అన్నాడు. "సుగ్గి నుంచి వచ్చినాక నేను సేనికి పోయినా. సెట్టు కింద గుంత ఉండాది. పూడ్సినారు గానీ సరిగా పూడ్సలే. ఆ ఏడు ఇంట్లో వాళ్లు ఊర్లో ఎవురుండారు? ఆయమ్మొకతే."

"ఇన్నేండ్లూ అడగలేదా?"

"అడిగితే ఏమొస్తాది? లేదంటే అబద్దం సెప్పించినట్టు. అవునంటే ఇంక ఇంట్లో ఎట్ల తలెత్తుకొని తిరుగుతాది?" మళ్లీ గుమ్మం వైపు చూసి, "నేను మంచోన్నని గాదు మ్మా. రెండుసార్లు ఆయమ్మ పెట్టె ఎతికినా. బట్టలు తీసి మళ్లా అట్లే మడిసి పెట్టినా. దొరకలే. కడియాలు, మొలతాడు, ఏదీ లేదు," అన్నాడు.

కడియాలు, మొలతాడు. ఆమె నాకు చెప్పింది రెండు కడియాలే. పెట్టెలోనే ఉన్నాయంది. ఈయన పెట్టె వెతికితే ఏమీ లేదంటున్నాడు. ఆమె నా దగ్గర కూడా సగమే చెప్పిందా? ఈయన సరిగా వెతకలేదా? వాళ్లమ్మ మొలతాడు ముందే ఎప్పుడో అమ్మేసిందా? నా బుర్ర అలవాటు చొప్పున పరుగెత్తింది. నాలుక దాకా వచ్చిన ప్రశ్నను మింగేశాను. లోపల నుంచి పేరు పిలిచారు, ఆయన లేచి పోయాడు.

రిజిస్ట్రేషన్ అయింది. లోపలి గుమాస్తా "బతికినంత కాలం" దగ్గర ఒకసారి ఆగి, నన్ను చూసి, పేజీ తిప్పాడు.

ఆ తరువాత నేను మా లేఖరి మాట పక్కనపెట్టి, అడిగినా అడగకపోయినా ప్రతి మాటకూ అర్థం చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చెప్పింది నిజమే, చాలా దస్తావేజులు ఆగిపోతున్నాయి. కొందరు సగంలో లేచి పక్క గదికి పోతారు. "ఆయమ్మ లేనిపోని అనుమానాలు పెడ్తాది" అని నా పేరు ఈ వీధిలో కొంచెం చెడింది కూడా. అది పూర్తిగా అబద్ధమని చెప్పలేను. అర్థం చెప్పేటప్పుడు మాత్రం ఇప్పుడు కాగితం వైపే చూస్తాను. ఎవరి ముఖమూ చూడను.

వానలు మొదలయ్యాక ఆమె ఒకసారి వచ్చింది. బోరు వేయించారట, నీళ్లు పడ్డాయి గానీ ఉప్పునీళ్లు.

"మిరప రాదంట. ఏదో ఏస్తాంలే," అంది. ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారా అని అడగబోయి ఆగాను. కడియాల మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వచ్చిన పని వేరే. దస్తావేజు నకలులో తన వాక్యం ఉన్న పేజీ ఒక్కటి ప్లాస్టిక్ వేయించాలంది. జిరాక్సు అంగడిలో చేయించి ఇచ్చాను. మిషన్ లోంచి వేడిగా వచ్చిన కాగితాన్ని కొంగుతో పట్టుకుని, నా ముందు పెట్టింది.

"యాడుండాది?"

చూపించాను. ఆమె ఆ అక్షరాల మీద వేలుపెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా జరిపింది. తరువాత కాగితాన్ని కొంగులో చుట్టుకుని, కౌతాళం బస్సు వెళ్లిపోతుందని పరుగులాంటి నడకతో రోడ్డు దాటింది.